మూడో సిలిండర్ మిస్సింగ్: ఒక ఎండాకాలం డైరీ

ముందుగా బండి సంగతి. 2021 డిసెంబరులో కొన్న 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్లు, బీఎస్ 6. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, సిలిండర్‌కి గాలి వెళ్లే దారిలోకి (ఇన్‌టేక్ పోర్టులోకి) కొట్టే రకం, అంటే వందల బార్ల ఒత్తిడితో నేరుగా సిలిండర్‌లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ కాదు. ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో (దాన్నే రైలు అంటారు) ఒత్తిడి మూడు నాలుగు బార్లే. ఆ ఒక్క ధైర్యంతోనే ఇంట్లో విప్పాను. డీజిల్ కామన్ రైల్ అయితే దాని జోలికి వెళ్లేవాణ్ని కాదు. తిరిగింది 38 వేల కిలోమీటర్లు. రెండేళ్ల వారంటీ నాలుగు నెలల కిందట అయిపోయింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి సార్ అని సేల్స్ అబ్బాయి బతిమాలితే, కొత్త బండికి ఏమవుతుందిలే అన్నది నేనే.

ఏప్రిల్ 21, 2024, ఆదివారం

యాదగిరిగుట్ట నుంచి తిరిగొస్తున్నాం. ఘట్‌కేసర్ దాటేదాకా బండికి ఏ లోటూ లేదు. నారపల్లి నుంచి ఉప్పల్ దాకా రోడ్డు సంగతి తెలిసిందే కదా, ఫ్లైఓవర్ పిల్లర్లు లేచి ఏళ్లయింది, కింద మాత్రం గుంతలే. ఫస్టు గేరు, సెకండు గేరు, మళ్లీ ఫస్టు. మధ్యాహ్నం రెండు గంటలు, ఏసీ ఫుల్లు. ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా స్టీరింగు వణకడం మొదలైంది. "నాన్నా, ఆటో ఎక్కినట్టుంది" అంది మా అమ్మాయి వెనక సీట్లోంచి. చెక్ ఇంజిన్ లైటు వెలగడమే కాదు, మినుకుమినుకుమంటూ కొట్టుకుంది.

ఆ లైటు నిలకడగా వెలిగితే ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకోవచ్చు. కొట్టుకుంటోందంటే మాత్రం మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు అంటుకోకపోవడం, మన మాటలో మిస్సింగ్) గట్టిగా ఉందని, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేయవచ్చని హెచ్చరిక. పక్కకు తీసి ఆపేశాను. చెరుకు రసం తాగి ఇరవై నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. ఇంటిదాకా ఒక్క కుదుపు లేదు.

వనస్థలిపురం చేరాక బండిలో పడిన కోడ్‌లని ఫోన్లో చూపించే ఈఎల్ఎం 327 బ్లూటూత్ అడాప్టర్ పెట్టి చూశాను. ఎప్పుడో తొమ్మిది వందలకి కొన్నది, డ్రాయర్లో పడి ఉంది. పి0303 అని చూపించింది. అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఉంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) తీసుకునే ఫొటో అనుకోండి. స్పీడు 0, ఆర్‌పీఎం 760, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ 101 డిగ్రీలు, లోపలికి వెళ్లే గాలి 64 డిగ్రీలు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకున్నాను కానీ చదవలేదు. ఆ నాలుగు అంకెల్లోనే జబ్బంతా ఉందని తెలియడానికి మూడు వారాలు పట్టింది.

ఏప్రిల్ 23

సర్వీసు సెంటర్లో పొద్దున్నే ఇచ్చాను. సాయంత్రం ఫోన్ చేసి, "సార్, టెస్ట్ డ్రైవ్ చేశాం, ప్రాబ్లం ఏమీ లేదు, కోడ్ క్లియర్ చేశాం" అన్నారు. ఎక్కడ నడిపారని అడిగితే రింగ్ రోడ్డు మీద అన్నారు. మళ్లీ వస్తే ఏం చేయాలని అడిగితే నాలుగు ఇంజెక్టర్లూ మార్చి, పెట్రోలు ట్యాంకు కడగాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. 21 వేల చిల్లర.

ప్రాబ్లమే లేదన్న బండికి నాలుగు ఇంజెక్టర్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. "ఇథనాల్ పెట్రోలు సార్, అందరికీ ఇదే" అన్నాడు అడ్వైజర్. అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. వచ్చేటప్పుడు మామూలుగా పెట్రోలు కొట్టించే బంకులో ఫిల్టర్ పేపర్ అడిగాను. అడిగితే ఇవ్వాలి, చాలామంది అడగరు. నాజిల్ తుడిచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోయింది. ఇథనాల్ ఎంత ఉందో అది చెప్పదు కానీ కిరోసిన్ లాంటిది కలపలేదన్న ధైర్యం వచ్చింది.

ఏప్రిల్ 28, ఆదివారం

ఒక సిలిండర్ మిస్ అవ్వాలంటే నిప్పు రాకపోవాలి, పెట్రోలు రాకపోవాలి, లేదా కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలి నొక్కుకునే బిగువు) పోవాలి. చల్లారితే బాగైపోతోంది కాబట్టి కంప్రెషన్‌ని పక్కన పెట్టాను. మిగిలింది నిప్పు పుట్టించే కాయిలూ ప్లగ్గూ ఒక వైపు, ఇంజెక్టరూ దాని వైరూ ఇంకో వైపు.

మార్చి చూడటమే దీనికి తేలికైన పరీక్ష, పైసా ఖర్చు లేదు. మూడో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దాని కాయిల్ మూడో దానికి. మూడో ప్లగ్ నాలుగో దానికి, నాలుగోది ఇక్కడికి. ఇంజెక్టర్ కదపలేదు. ఇప్పుడు పి0301 వస్తే కాయిల్, పి0304 వస్తే ప్లగ్, మళ్లీ పి0303 అంటే ఇంజెక్టర్ వైపు. కాయిల్, ప్లగ్ రెండూ కలిపి ఒకే సిలిండర్‌కి మార్చి ఉంటే ఏది దోషో తెలిసేది కాదు. ఈ తెలివి నాది కాదు, మా బావది. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు, కార్ల గురించి ఏమీ తెలియదు.

ప్లగ్గు కూడా ఒక మాట చెప్పింది. నిప్పు రాక మిస్ అయితే ప్లగ్ తడిగా ఉండి పెట్రోలు వాసన వేస్తుంది. మిస్ కొడుతుండగానే ఆపి విప్పితేనే అది నమ్మదగ్గ సాక్ష్యం అనుకోండి, నేను విప్పింది వారం తర్వాత. అయినా మిగతా మూడింటి కంటే ఇది కాస్త తెల్లగా, ఎండినట్టు కనిపించింది. అది నిజంగా కనిపించిందో, నాకు కావాలని కనిపించిందో చెప్పలేను.

ఫోన్ యాప్‌లో మోడ్ 06 అని ఒక మూల ఉంటుంది. చాలామంది అటు వెళ్లరు. ఈసీఎం ఒక్కో సిలిండర్‌కి ఎన్నిసార్లు మిస్ అయిందో అక్కడ లెక్క రాస్తుంది. లైటు వెలగనంత చిన్న మిస్‌లు కూడా అందులో పడతాయి. ఏ సిలిండర్‌లో నిప్పు అంటుకోలేదో క్రాంక్ షాఫ్ట్ తిరిగే వేగంలో వచ్చే చిన్న తడబాటును బట్టి పట్టుకుంటుంది, అంతే. కారణం దానికి తెలియదు. ఇవాళ నాలుగింటికీ సున్నా.

ఏప్రిల్ 30

వచ్చింది. సాయంత్రం ఎల్బీ నగర్ నుంచి వస్తుంటే ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్నాక మళ్లీ అదే వణుకు. పి0303. కాయిల్ కాదు, ప్లగ్ కాదు.

ఈసారి ఆపకుండా మెల్లగా దగ్గర్లో తెలిసిన మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను, మిస్సింగ్ ఉండగానే చూపిద్దామని. ఆయన చెవి పెట్టి విని, "మూడోది సార్" అన్నాడు, స్కానర్ లేకుండానే. ఇంజెక్టర్ కనెక్టర్ పీకి అందులో టెస్ట్ లైటు పెట్టాడు. ఇంజిన్ తిరుగుతుంటే ఆ లైటు టిక్కుటిక్కుమని కొట్టుకోవాలి. ఒకటికి కొట్టుకుంది, రెండుకి కొట్టుకుంది, మూడుకి చీకటి.

"ఇంజెక్టర్ కాదు సార్, ఈసీఎం పోయింది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈసీఎం అంటే ఆ 21 వేల ఎస్టిమేట్ చిన్నదైపోతుంది. అర్ధరాత్రి ఒంటిగంట దాకా చదివితే తేలిందేమిటంటే, ఈ కాలపు కార్లలో ఏదైనా సిలిండర్ వరసగా మిస్ అవుతుంటే కన్వర్టర్‌ని కాపాడటానికి ఈసీఎం తనంతట తనే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌కి కరెంటు పల్స్ ఆపేస్తుంది. అంటే లైటు వెలగకపోవడం ఫలితం కావచ్చు, కారణం కానక్కర్లేదు. పాత కార్బొరేటర్ బండ్ల దగ్గరా, మొదటి తరం ఇంజెక్షన్ బండ్ల దగ్గరా పని నేర్చుకున్న భాయ్‌ని తప్పు పట్టలేం. ఆయన చూసిన దాంట్లో అబద్ధం లేదు.

పొద్దున్నే లుంగీ మీదే కిందికి దిగి, అదే టెస్ట్ లైటు భాయ్ దగ్గర అరువు తెచ్చుకున్నది పెట్టి స్టార్ట్ చేశాను. మూడోది చక్కగా కొట్టుకుంది. ఈసీఎం బతికే ఉంది. కాఫీ రెండోసారి పెట్టించుకుని తాగాను.

మే 4, శనివారం

మిగిలింది ఇంజెక్టర్. ఆటోనగర్‌లో ఇంజెక్టర్లు కడిగే మెషిన్ ఉన్న షాపుకి వెళ్లాను. విప్పేటప్పుడు పక్కనే నిలబడి ప్రతి దాని మీదా మార్కర్‌తో 1, 2, 3, 4 రాయించాను. కుర్రాడు నవ్వాడు, "అన్నీ ఒకటే సార్" అని. నాకు ఒకటి కాదు.

నాలుగు గాజు గొట్టాల మీద నాలుగు ఇంజెక్టర్లు నిలబెట్టి, పెట్రోలు కాకుండా టెస్టు ద్రవం పోసి, 15 సెకన్లు కొట్టించాడు. 46, 47, 43, 46 మిల్లీలీటర్లు. "చూశారా, మూడోది తక్కువ" అన్నాడు. నా గుండెలో బరువు దిగిపోయింది. అల్ట్రాసోనిక్ తొట్టిలో అరగంట ఉంచి మళ్లీ కొట్టిస్తే 48, 48, 47, 48. గొడుగు విప్పినట్టు నాలుగూ ఒకేలా చిమ్మాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఫోన్లో వీడియో కూడా తీశాను. కొత్త ఓరింగులతో (పెట్రోలు కారకుండా వేసే రబ్బరు రింగులు) కలిపి 1,600 తీసుకున్నారు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఏమిటంటే, 43కీ 46కీ ఉన్న తేడా పది శాతం లోపే. అంత తేడాకి ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నడక) కాస్త గరుకుగా ఉండొచ్చు కానీ బండి మొత్తం ఊగిపోదు. అదీ మధ్యాహ్నాలు మాత్రమే ఊగిపోదు. ఆ కుర్రాడికి నా రోగ లక్షణాలు తెలియవు. నాకు తెలుసు, అయినా అంకె చూడగానే నమ్మేశాను.

మే 7

సాయంత్రం కుండపోత. రోడ్లన్నీ చెరువులు. రాత్రికి చలి వేసినంత పనైంది.

మే 10

మిస్సింగ్ లేదు. మోడ్ 06లో అన్నీ సున్నాలు. ఆరు రోజులు, 190 కిలోమీటర్లు. కడిగించడమే మందు అని మా ఆఫీసులో ఇద్దరికి సలహా కూడా ఇచ్చాను. రేపు పొద్దున ఊరికి బయలుదేరుతున్నాం, ఓటు వేయడానికి.

మే 11, శనివారం, పంతంగి టోల్ ప్లాజా

ఇది రాస్తున్నది రోడ్డు పక్కన, బానెట్ ఎత్తి పెట్టి. తెల్లవారుజామున అయిదుకి బయలుదేరాలనుకున్నది ఎనిమిదైంది. హైదరాబాదులో ఉన్న ఆంధ్రా వాళ్లంతా ఇవాళే బయలుదేరినట్టున్నారు. ఫాస్టాగ్ ఉంటే ఏం లాభం, ముందు అంతమంది ఉంటే. చౌటుప్పల్ దగ్గర్నుంచే నత్త నడక. గంటకు పైగా పాకి, టోల్ గేటు కనిపించే దూరంలోకి రాగానే వణుకు మొదలు.

ఈసారి అడాప్టర్ పెట్టే ఉంచాను. పి0303 పడింది. దాని కింద ఇంకొకటి, పెండింగ్ అని: పి0203.

ఇదే కొత్తది. పి0303 అంటే మూడో దాంట్లో నిప్పు అంటుకోలేదని, కారణం ఏదైనా కావచ్చు. పి0203 అంటే మూడో ఇంజెక్టర్ కరెంటు దారి తెగిందని. చెత్త అడ్డుపడ్డ ఇంజెక్టర్‌కి ఈ కోడ్ రాదు. ఎంత కడిగినా ఇది పోదు. పెండింగ్ అంటే ఇంకా ఖాయం చేయలేదని, తర్వాతి ప్రయాణంలో మళ్లీ కనిపించకపోతే దానంతటదే చెరిగిపోతుంది. ఇంతకుముందు కూడా వచ్చి పోయిందేమో.

అరగంట చల్లార్చి, ఏసీ ఆపి, అద్దాలు దించి బయలుదేరాం. నాకు టెన్షన్, వెనక వాళ్లకి ఉక్క. విచిత్రం ఏమిటంటే, టోల్ దాటి ఎనభైలో పడ్డాక సూర్యాపేట, కోదాడ, నందిగామ, విజయవాడ దాటి తెనాలి దాకా ఒక్క మిస్ లేదు.

మే 12, 13, ఊళ్లో

ముందు అనుమానం ఎలుక మీద. మా అపార్టుమెంటు సెల్లార్లో పందికొక్కులంత ఉన్నాయి. పెరట్లో వేపచెట్టు కింద బానెట్ ఎత్తి మూడో ఇంజెక్టర్ వైరుని కనెక్టర్ నుంచి గొట్టంలోకి దూరేదాకా వేళ్లతో తడిమాను. అద్దం కడిగే నీళ్ల పైపు మీద పళ్ల గాట్లు దొరికాయి. ఇంజెక్టర్ వైరు మీద ఏమీ లేదు. ఇంజిన్ నడుస్తుండగా వైరు అటూ ఇటూ ఊపినా తేడా లేదు.

నాన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ట్రాక్టరు నాజిళ్లు తెనాలి తీసుకెళ్లి ఎన్నోసార్లు టెస్టు చేయించిన మనిషి.

"ఒరేయ్, ఎప్పుడు వస్తోంది?"

"వేడెక్కితే, నాన్నా."

"చల్లారితే పోతుందా?"

"పోతుంది."

"మన బోరు మోటారు కాలిపోయే ముందు ఏం చేసింది? పొద్దున ఆడేది, మధ్యాహ్నం ఆగేది, చల్లారితే మళ్లీ ఆడేది. వైండింగే అయ్యుంటుంది చూడు. దాంట్లో చుట్ట ఉంటుందా?"

ఉంటుంది. ఇంజెక్టర్ అంటే చివరికి అదే కదా. ప్లాస్టిక్ లోపల సన్నటి రాగి తీగ చుట్ట. కరెంటు వెళ్తే అది అయస్కాంతమై సూదిని ఎత్తుతుంది, పెట్రోలు చిమ్ముతుంది. ఆ తీగ పిన్నుకి అతికే చోట పగులుంటే, వేడికి ప్లాస్టిక్ వ్యాకోచించి కొసలు విడిపోతాయి. చల్లారితే మళ్లీ తగులుకుంటాయి.

నోట్‌బుక్ తీసి ఏప్రిల్ 21 అంకెలు, నిన్నటి అంకెలు పక్కపక్కన పెట్టాను. రెండింట్లోనూ స్పీడు 0. రెండింట్లోనూ ఐడిల్. కూలెంట్ వంద దాటింది. లోపలి గాలి అప్పుడు 64, నిన్న 67. బండి పరుగెడుతుంటే గాలి తగులుతుంది. పైగా ఇంజెక్టర్ లోంచి పోయే పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఆగి ఉన్నప్పుడు గాలీ లేదు, ఐడిల్‌లో తాగే పెట్రోలూ తక్కువే. ఇంజిన్ వేడి అంతా అక్కడే పేరుకుంటుంది. సర్వీసు సెంటర్ వాళ్లు రింగ్ రోడ్డు మీద నడిపితే ఎలా వస్తుంది? ఆటోనగర్ మెషిన్ మీద చల్లటి ద్రవంతో కొడితే ఎలా తెలుస్తుంది? మే 7 వాన పడ్డాక నాకు మాత్రం ఎలా వస్తుంది? కడిగినందుకు కాదు, చల్లబడినందుకు బాగుంది.

ఓటు వేసి, రాత్రి పదికి బయలుదేరి చల్లపూట తిరిగొచ్చాం. ఒక్క మిస్ లేదు. రాదని తెలుసు.

మే 19, ఆదివారం

వైరా, ఇంజెక్టరా అన్నది తేల్చాలి. మూడో ఇంజెక్టర్‌ని ఒకటో చోటికి మార్చడమే దారి. ఆటోనగర్ కుర్రాడు చేస్తుంటే చూశాను కాబట్టి వరస తెలుసు. మా బండిలో ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీస్తే రైలు పైనే కనిపిస్తుంది. కొన్ని బండ్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ మొత్తం దించాలి, అలాంటిదైతే వేరే కథ.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండగానే, పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను. మొదట పెట్రోలు పంపు ఫ్యూజు పీకి ఇంజిన్ స్టార్ట్ చేశాను. రైల్లో ఉన్న పెట్రోలు తాగేసి నాలుగు సెకన్లలో ఆగిపోయింది. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, ఒత్తిడి పోయిందనుకున్నాక బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీశాను. అయినా పైపు విప్పేటప్పుడు గుడ్డ చుట్టే విప్పాలి, అర కప్పు పెట్రోలు వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను. వాచ్‌మన్ బీడీ ముట్టించుకుని వచ్చి నిలబడితే అరిచినంత పని చేశాను, తర్వాత సారీ చెప్పాను.

రైలు లేపే ముందు ఇంజెక్టర్లు కూర్చున్న గుంతల చుట్టూ ఉన్న దుమ్ము గాలి కొట్టి, బ్రష్షుతో తుడిచాను. లేకపోతే ఆ మట్టంతా పోర్టులోకి రాలుతుంది. రెండు బోల్టులు తీసి రైలుని సమంగా, అటూ ఇటూ కదిలిస్తూ పైకి లాగితే నాలుగూ దాంతోనే వచ్చేశాయి. క్లిప్పు తప్పించి 1, 3 మార్చాను. ఓరింగులకి ఇంజిన్ ఆయిల్ చుక్క రాయాలి. పొడిగా నొక్కితే అంచు తెగుతుంది, తెగితే పెట్రోలు కారుతుంది, కింద వేడి ఇంజిన్ ఉంది. రెండు వారాల కిందటి ఓరింగులే కదా అని మళ్లీ వాడదామనుకున్నాను. ఒకదాని మీద గోరు గీతంత నొక్కు కనిపించింది. పని ఆపి వెళ్లి కొత్తవి తెచ్చుకున్నాను, 160 రూపాయలు. ఒక గంట పోయింది.

బిగించాక స్టార్ట్ చేయకుండా తాళం నాలుగైదు సార్లు ఆన్ చేసి ఆఫ్ చేశాను, పంపు రైలు నింపడానికి. టార్చి వేసి ప్రతి ఇంజెక్టర్ కిందా పైనా చూశాను. తడి లేదు. అప్పుడు స్టార్ట్ చేశాను. బ్యాటరీ తీసినందుకు ఐడిల్ కాసేపు పైకీ కిందికీ ఊగింది, గడియారం 12:00 అయింది. రెండూ మామూలే.

మే 22

ఎండ మళ్లీ ముదిరింది. మధ్యాహ్నం లంచ్ టైములో ఆఫీసు పార్కింగులో ఎండలో పెట్టి, ఏసీ వేసి, ఐడిల్‌లో ఉంచి లోపల కూర్చున్నాను. 26 నిమిషాలకి వణికింది. నా జీవితంలో బండి చెడిపోయినందుకు చప్పట్లు కొట్టింది ఇదే మొదటిసారి.

పి0301. పెండింగ్‌లో పి0201.

జబ్బు ఇంజెక్టర్‌తో పాటే ఒకటో సిలిండర్‌కి వెళ్లింది. వైరు కాదు, ఈసీఎం కాదు, పెట్రోలు కాదు.

మే 25, శనివారం

కొత్తది కొనే ముందు కళ్లతో చూడాలనిపించింది. ఇది అవసరమైన పరీక్ష కాదు, సరదా.

నాలుగు ఇంజెక్టర్లూ విప్పి, లోపలి పెట్రోలు దులిపి, ఒక పూటంతా డాబా మీద ఆరబెట్టాను. గది వేడిలో, అంటే 30 డిగ్రీల దగ్గర, మల్టీమీటర్ చూపించినవి 12.1, 12.0, 12.2, 12.1 ఓములు. నాలుగూ కవల పిల్లలు. పోర్టు ఇంజెక్టర్లకి సాధారణంగా పన్నెండు చుట్టుపక్కలే ఉంటుంది. ఏ మెకానిక్ అయినా ఇక్కడ ఆగిపోయి "ఇంజెక్టర్లు బాగున్నాయి" అంటాడు.

తర్వాత డాబా మీదికే ఎలక్ట్రిక్ కెటిల్ తీసుకెళ్లాను. పెట్రోలు తగిలిన వస్తువులు, గ్యాసు పొయ్యి దగ్గర పెట్టే పని కాదు. ఒక్కో ఇంజెక్టర్‌ని జిప్ కవర్లో వేసి, పిన్నులు పైకి ఉండేలా పట్టుకుని, వేడి నీళ్ల గిన్నెలో ముంచాను. రాగికి వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం. లెక్క ప్రకారం 85 డిగ్రీలకి 12.1 కాస్తా 14.6 అవ్వాలి. మొదటిది 14.5 దగ్గర నిలబడింది. రెండోది 14.4. నాలుగోది 14.5. పదో తరగతి ఫిజిక్స్ డాబా మీద పనిచేస్తుంటే ముచ్చటేసింది.

3 అని రాసి ఉన్నదాన్ని ముంచాను. 12.2, 12.9, 13.6, 14.1. అంతవరకు బుద్ధిగానే ఎక్కింది. ఆ తర్వాత అంకె గెంతింది, 19, మళ్లీ 14, ఒక్కసారిగా ఓఎల్. అంటే దారే లేదు. బయటికి తీసి పట్టుకుంటే రెండు నిమిషాల తర్వాత 13.4 అని, ఏమీ తెలియనట్టు తిరిగొచ్చింది. మూడుసార్లు ముంచాను, మూడుసార్లూ అంతే. నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. "వైండింగే అన్నానా" అన్నారు. అని, కెటిల్ కొత్తదా అని అడిగారు.

కొత్తదే. ఆ గిన్నె, కెటిల్ ఇక వంటింట్లోకి రాకూడదని మా ఆవిడ ఆర్డరు.

మే 29

నాలుగూ మార్చాలా, ఒకటా? ఆటోనగర్ అంకెలు ఇప్పుడు పనికొచ్చాయి. కడిగాక మిగతా మూడూ 48 దగ్గరే ఉన్నాయి, వాటి చుట్టలు వేడిలోనూ సరిగా ఉన్నాయి. ఒక్కటే కొన్నాను. కంపెనీ స్పేర్స్ కౌంటర్లో 3,850. పాత దాని నంబరు చివర ఒక అక్షరం మారింది, పాతది ఆపేసి ఇది ఇస్తున్నారట. బయట ఇంకా తక్కువకి దొరుకుతుందన్నారు కానీ, పోల్చుకోలేని వస్తువుని బేరమాడి కొనడం నాకు ఇష్టం లేదు.

డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్లకీ కొన్ని డైరెక్ట్ ఇంజెక్షన్ వాటికీ ఒంటి మీద ఒక కోడ్ ఉంటుంది. కొత్తది వేసినప్పుడు దాన్ని స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించాలి. మా రకానికి ఆ తలనొప్పి లేదు. పెట్టడమే. గంటలో అయిపోయింది. చెయ్యి తిరిగింది కదా.

జూన్ 1, శనివారం

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారు, ఇవాళ నాకు కావాల్సింది సరిగ్గా అదే. కాలనీ గ్రౌండులో నీడ లేని చోట పెట్టి, ఏసీ వేసి, ఐడిల్‌లో 50 నిమిషాలు. లోపలి గాలి 68 డిగ్రీలకి ఎక్కింది, పంతంగి కంటే ఎక్కువ. ఆర్‌పీఎం సూది కదలలేదు. మోడ్ 06లో నాలుగు సున్నాలు.

వాచ్‌మన్ వచ్చి, "పెట్రోలు ఎక్కువైందా సార్" అని అడిగాడు. ఈసారి బీడీ లేకుండా వచ్చాడు.

జూన్ 4

ఇంట్లో అందరూ పొద్దుట్నుంచీ టీవీ ముందే. ఏ నియోజకవర్గంలో ఎవరికి ఎంత లీడు అని అరుపులు. నేను సెల్లార్లో కూర్చుని నా లెక్క నేను చూసుకున్నాను. రెండో సిలిండర్‌లో 1. గుండె ఒక్కసారి జారింది. మూడు రోజుల్లో ఒక్క మిస్, అది ఏ ఇంజిన్‌కైనా ఉంటుంది. తెలిసినా పది నిమిషాలు స్క్రీన్ వంకే చూశాను. మా ఆవిడ ఫోన్ చేసి, ఉప్మా చల్లారిపోతోంది పైకి రమ్మంది. అడాప్టర్ పీకి డ్రాయర్లో పడేశాను. కాయిల్, ప్లగ్గు మార్చిన చోటే ఉన్నాయి, వాటిని కదపలేదు.